ఇరవై ఏడు కార్తెల గోడ

రేగడిపాలెం బళ్ళో చేరిన మొదటి ఏడాదే కరీమున్ టీచరు ఒక పెద్ద తప్పు చేసింది. చిన్నా చితకా తప్పయితే ఇప్పుడీ కథ చెప్పుకోవాల్సిన పనే లేదు. నిజం రాసిన పిల్లకు ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.

తప్పు సంగతికి వెళ్ళేముందు మనిషి సంగతి చెప్పాలి. కరీమున్ దూదేకుల జాన్ బాషా కూతురు. మార్టూరు నుంచి చిలకలూరిపేట దాకా ఆ నల్లరేగడి ఊళ్ళలో పరుపున్న ఇల్లల్లా జాన్ బాషాకు తెలుసు. తల్లి లేని పిల్ల గనక, భుజాన దూదేకే విల్లు, పక్కన కూతురు, ఇదే ఆయన ప్రయాణం. పేటలో పని దొరికిన రోజుల్లో పిల్లను అక్కడి బడి అరుగు మీద కూర్చోబెట్టి వెళ్ళేవాడు. అరుగు మీద కూర్చున్న పిల్ల లోపలి పాఠాలన్నీ అప్పజెప్పేస్తుంటే అక్కడి పంతులుగారు ముక్కు మీద వేలేసుకుని లోపలికి రానిచ్చారు. ఆ చదువు గుంటూరులో టీచరు ట్రైనింగు దాకా సాగింది. పంతొమ్మిది వందల యాభై ఎనిమిది జూన్‌లో, ఇరవై మూడేళ్ళ వయసులో, తండ్రిని వెంటబెట్టుకుని రేగడిపాలెంలో అద్దె ఇంట్లో దిగింది. గట్టిగా ఊదితే ఎగిరిపోయేట్టుండేది మనిషి. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

"సాయిబుల పిల్ల మనకి తెలుగు చెప్పడమేందిరా" అని ఊళ్ళో ఒకరిద్దరు గొణిగారు. ఆగస్టు పదిహేనున జెండా కింద నిలబడి అరగంట కాగితం చూడకుండా మాట్లాడింది. తర్వాత ఎవరూ గొణగలేదు.

బడంటే ఒకే పెద్ద గది, ముందు వసారా. నాలుగు తరగతులు, ఇద్దరు టీచర్లు. పెద్దాయన పానకాలు మాస్టారు. రిటైరవడానికి రెండేళ్ళుంది. మంచివాడే, కానీ చీమ ఎదురొచ్చినా పక్కకు తప్పుకునే రకం. ఉగాది దగ్గరపడుతుంటే ఆయన కరీమున్‌ని పిలిచి, "అమ్మాయ్, పిల్లల చేత వసంత ఋతువు మీద రాయించి నాలుగు మంచివి గోడకు అంటించు. ఎవరన్నా పెద్దలొస్తే చూపించుకోవడానికి బాగుంటుంది" అన్నాడు.

సరే కదా అని కరీమున్ నల్లబల్ల మీద 'వసంత ఋతువును గూర్చి వ్రాయుడు' అని రాసింది. నాలుగో తరగతిలో పద్నాలుగు మంది. పదముగ్గురు వాచకంలో ఉన్నదున్నట్టు దించేశారు. వసంతము ఋతువులకు రాజు, మావిళ్ళు చిగిర్చును, కోకిలలు కూయును. ఆ ఊళ్ళో మావిడిచెట్టు లేదు. కోకిల ఎప్పుడన్నా దారితప్పి వచ్చినా వాలడానికి తుమ్మచెట్టే గతి. అయినా పదముగ్గురి కాగితాల్లోనూ అది చక్కగా కూసింది, టీచరు పదముగ్గురికీ మంచి మార్కులేసింది.

పద్నాలుగో కాగితం చెంచమ్మది. మిరపతోటల్లో కూలికి పోయే పేరమ్మ కూతురు. ఆ పిల్ల ఇట్లా రాసింది: 'వసంత ఋతువులో మా ఊరంతా తుమ్ముతారు. గుళ్ళో పూజారిగారు కూడా తుమ్ముతారు. మా అమ్మ చేతులు మండుతాయి. అందుకని నాకు తల దువ్వదు.'

కరీమున్‌కు ఒళ్ళు మండింది. వేళాకోళం అనుకుంది. కాగితమంతా అడ్డంగా ఒక గీత గీసి, కింద కోడిగుడ్డంత సున్నా చుట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ దగ్గర దారని మిరప కల్లాల మధ్య నుంచి వెళ్ళింది. ఎకరాల కొద్దీ ఎర్రగా ఎండబోసిన కాయలు. గాలి ఇటు తిరిగింది. అంతే, కరీమున్ ఆగకుండా ఏడు తుమ్ములు తుమ్మింది. కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా పేరమ్మ, రెండు చేతులూ మజ్జిగ చట్టిలో ముంచుకుని కూర్చుని ఉంది.

"టీచరమ్మా, మా పిల్లకు సున్నా ఏశారంట గదా" అంది పేరమ్మ, కోపమేమీ లేకుండా. "నాకు చదువు రాదు. సున్నా అంటే ఏందో మాత్రం ఎరుగుదును. అది ఏం రాసిందని అడిగితే చెప్పింది. అందులో అబద్ధం ఏముందమ్మా?"

తుమ్ముతున్న మనిషి తుమ్ము లేదని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? కరీమున్ సిగ్గుతో తల వంచుకుని ఇంటికి పోయింది. మర్నాడు పొద్దున్నే, బళ్ళో అందరి ముందూ, "చెంచమ్మా, తప్పు నాది" అని చెప్పి, కొత్త కాగితం ఇచ్చి ఆ నాలుగు మాటలూ మళ్ళీ రాయించి గోడకు అంటించింది. కోకిలలన్నిటినీ పీకేసింది. పానకాలు మాస్టారికి ఆ రోజు అన్నం సహించలేదు.

వేసవి సెలవులన్నాళ్ళూ కరీమున్ ఒకటే ఆలోచించింది. ఆరు ఋతువులు పుస్తకంలో ఉన్నాయి. ఊరు మాత్రం వాటి లెక్కన బతకదు. విత్తనం వేయాలన్నా, నారు పోయాలన్నా, పత్తి తీయాలన్నా జనం నోట వచ్చే మాట కార్తె. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయనీ, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదనీ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన దాని మీద అడిగితే ఎందుకు రాయరు?

జూన్‌లో బడి తెరిచేసరికి మృగశిర కార్తె వచ్చింది. తలుపు పక్కనుంచి మొదలుపెట్టి నాలుగు గోడలకూ చుట్టూరా పత్తినూలు తాడు కట్టింది. తాడు కింద గోడను ముగ్గు గీతలతో ఇరవై ఏడు అరలుగా విడదీసింది. కార్తెకొక అర. గుండుసూదులు కొనే స్తోమతు బడికి లేదు గనక పిల్లలు తుమ్మముళ్ళు ఏరుకొచ్చారు, కాగితాన్ని తాడుకు గుచ్చడానికి. కాగితాలంటే పాత పరీక్ష కాగితాల వెనక వైపు. రంగులంటే పసుపు, బొగ్గు, బట్టలకు పెట్టే నీలిమందు. మబ్బులు కావాలంటే జాన్ బాషా ఒడినిండా ఏకిన దూది తెచ్చిచ్చాడు. "నా పనితనం ఇన్నాళ్ళూ జనం వీపుల కిందే పడుంది. ఇప్పటికి గోడెక్కింది" అని ఆయన మురిసిపోయాడు.

ఇక ప్రశ్నలు. 'గూర్చి వ్రాయుడు' అన్న మాట నల్లబల్ల మీద మళ్ళీ కనపడలేదు. మృగశిరలో 'మొదటి వాన పడగానే మీ ఇంట్లో ముందు ఎవరు బయటకు పరిగెత్తుతారు, దేనికోసం?' అని అడిగింది. మఖలో 'మీ ఇల్లు ఎక్కడ కురుస్తుంది, దాని కింద ఏ గిన్నె పెడతారు?' అని. పత్తి తీసే రోజుల్లో 'ఒడిలో పత్తి కాక ఇంకేం వచ్చి పడుతుంది?' అని. చలి ముదిరాక 'పొద్దున లేవగానే మీ నాయన నోట వచ్చే మొదటి మాట ఏది?' అని.

ఆ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో మూడు గోడకు పెట్టే మాటలు కావు. టీచరు వాటిని మడిచి పెట్టెలో దాచి, ఒంటరిగా ఉన్నప్పుడు చదువుకుని నవ్వుకునేది.

ఊరికి ఈ గోడ పిచ్చి పట్టింది. పొలం నుంచి వచ్చేవాళ్ళు కాళ్ళు కూడా కడుక్కోకుండా బళ్ళోకి తొంగిచూసేవాళ్ళు. చదువురానివాళ్ళు పిల్లల్ని పట్టుకుని, "నన్ను గురించి ఏం రాశావో చదవరా" అనేవాళ్ళు. రాఘవులు అనే రైతయితే వచ్చి, తన ఎద్దు పేరు తప్పు రాశారని పోట్లాడి దిద్దించుకుని పోయాడు. అన్నిటికంటే పెద్ద సంగతి, కోతల రోజుల్లో సగానికి పడిపోయే హాజరు పడలేదు. "ఇయ్యాల కొత్త కార్తె ప్రశ్న ఇస్తారంట, పోనీలే" అని తల్లులే పంపేవాళ్ళు.

ఆ ఏడాదే ఐదో తరగతి వచ్చింది. రావడమంటే అరకొరగా వచ్చింది. పై వాళ్ళు ఒక్క సంవత్సరానికి తాత్కాలికంగా అనుమతిచ్చి, ఇన్‌స్పెక్టరు చూసి సరేనంటేనే ఉంటుంది, లేకపోతే రద్దు అన్నారు. ఐదులో పదకొండు మంది, అందులో ఏడుగురు ఆడపిల్లలు. తరగతి పోతే మగపిల్లలు మార్టూరు నడిచిపోతారు. ఆడపిల్లల్ని నాలుగు మైళ్ళు ఎవరు పంపుతారు? అంతకుముందు నాలుగు పాసైన ఆడపిల్లలందరూ ఎక్కడున్నారంటే మిరపతోటల్లో ఉన్నారు. ఈ ఏడుగురూ అక్కడికే పోతారు, చెంచమ్మతో సహా. కరీమున్‌కు అన్నం తింటున్నా అదే ధ్యాస, నడుస్తున్నా అదే ధ్యాస.

అరవై ఫిబ్రవరి చివర్లో, శతభిషం కార్తెలో, ఇన్‌స్పెక్టరు భావనారాయణగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన పేరు చెబితే చాలు, తాలూకాలో టీచర్లకు చెమటలు పట్టేవి. భాషలో పండితుడు, ఒక సున్న ఎక్కువ పడినా ఊరుకోడు.

ఆ పొద్దున పానకాలు మాస్టారు ఆరు ఋతువుల బొమ్మల పటం ఒకటి ఎక్కడిదో పట్టుకొచ్చాడు. "అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది. ఈ ముళ్ళ తోరణం తీసెయ్. ఇది కడదాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, గోడను చూపించి తరగతి పోగొట్టుకుంటామా?"

"తీస్తే పిల్లలు ఏం చూపిస్తారు మాస్టారూ? వాళ్ళకున్నది అదే కదా" అంది కరీమున్. "మీ పటం కూడా కట్టండి. తలుపు పైన చోటుంది."

పది గంటలకు జట్కా ఆగింది. తెల్లటి పంచె, నల్లకోటు, చేతిలో పొన్నుకర్ర. భావనారాయణగారు లోపలికి వచ్చి, గోడ వైపు ఒక చూపు చూసి, కుర్చీలో కూర్చుని, ఐదో తరగతి మొదటి వరసలో ఉన్న చెంచమ్మను లేపారు.

"ఋతువులెన్ని?"

"పుస్తకంలో ఆరండి. మా ఊళ్ళో ఇరవై ఏడండి."

పానకాలు మాస్టారు గోడకు చేరగిలబడ్డాడు. భావనారాయణగారి కనుబొమలు కలుసుకున్నాయి. లేచి గోడ చుట్టూ నడిచారు. అక్కడొక కాగితం, ఇక్కడొక కాగితం చదివారు. మొహం ఇంకా బిగుసుకుంది.

"అమ్మా, ఋతువుకూ కార్తెకూ తేడా తెలియని తరగతికి నేను అనుమతి ఎట్లా ఇవ్వను? పైగా ఈ భాష ఏమిటి? కూలిజనం మాటలు గోడలకెక్కించారు."

"వాళ్ళ ఇళ్ళల్లో మాటలేనండి."

"అదీ నమ్మను. ఇంత చిన్నపిల్లలు ఇట్లా రాయరు. మీరు చెబుతుంటే వాళ్ళు రాశారు."

సున్నా చుట్టించుకున్న పిల్లకు ఎట్లా ఉంటుందో కరీమున్‌కు ఆ క్షణాన తెలిసింది. కోపం ముక్కు దాకా వచ్చింది. ఏడుగురు ఆడపిల్లల మొహాలు చూసి మింగింది. "అట్లయితే తమరే రాయించి చూడండి" అంది.

"రాయిస్తాను. మీరు బయట నిలబడండి."

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. తను పాఠం చెప్పే బళ్ళోంచి తనను బయటకు పంపడం. కరీమున్ వసారాలోకి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది. లోపల సుద్దముక్క చప్పుడు వినిపించింది. కిటికీలోంచి నల్లబల్ల కనపడుతోంది. 'శిశిర ఋతువును గూర్చి పది వాక్యములు వ్రాయుడు.'

వాచకంలో వసంతం ఉంది, వర్షర్తువు ఉంది. శిశిరం మీద పాఠమే లేదు. పిల్లలు ఆ మాట పట్టుమని పదిసార్లు విని ఉండరు. లోపల ఒక్క పెన్సిలు కూడా కదలడం లేదు. పదకొండు మందీ గుడ్లప్పగించి చూస్తున్నారు.

ఈలోగా రెండో తరగతి పిల్ల ఒకత్తె వెనక తలుపులోంచి దూరి బడి పక్క తోటలోకి పరిగెత్తింది. "మా టీచరమ్మను బయట నిలబెట్టారు" అని చెప్పినట్టుంది. పది నిమిషాలు గడవకముందే పేరమ్మా, వెనకాల మరో పదిహేను మంది ఆడకూలీలూ తలగుడ్డలతోనే వచ్చి వసారా నిండా నిలబడ్డారు. పేరమ్మ గుమ్మం దగ్గర చేతులు జోడించింది.

"అయ్యా, మిమ్మల్ని ఏమీ అనడానికి రాలేదు. మీ పని మీరు కానియ్యండి. మా పిల్లల తరగతి ఉంటదో ఊడతదో ఇని పోతాం. ఇక్కడే కూచుంటాం."

భావనారాయణగారు ఏదో అనబోయారు. అప్పుడే లోపల చెంచమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, శిశిరం అంటే ఏ కార్తెలండి?"

భావనారాయణగారు పండితుడు కదా, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేరు. "మాఘ ఫాల్గుణ మాసాలు శిశిరం. అంటే..." అని వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. "ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర..."

"అయితే ఇప్పుడేనండీ" అంది చెంచమ్మ. వెనక్కు తిరిగి మిగతావాళ్ళతో, "ఒరేయ్, ఇప్పుడేనంట రా" అని చెప్పింది.

పదకొండు తలలూ ఒక్కసారి వంగాయి. బయట కరీమున్ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇక ఆ పిల్లల్ని ఆపడం దేవుడి వల్ల కూడా కాదని ఆమెకు తెలుసు. కార్తెల మీద రాయమని వాళ్ళకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

ముప్పావుగంట తర్వాత ఇన్‌స్పెక్టరుగారు కాగితాలు తీసుకుని చదవడం మొదలుపెట్టారు. ముందు నిలబడి చదివారు. తర్వాత కూర్చున్నారు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశారు, రెండు కాగితాల్లో ఒకే మాట దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఒకడు తన తాత చలికి ఎండ వెంబడి మంచం జరుపుకుంటూ పోతే సాయంత్రానికి మంచం పక్కింటి వాకిట్లో తేలుతుందని రాశాడు. ఒక పిల్ల ఇట్లా రాసింది: 'తోటలో అందరి చేతులకూ కారం ఉంటుంది. అందుకని ఎవరి నీళ్ళు వాళ్ళు తాగలేరు. కాయ కోయని చిన్నపిల్లలు వరసాగ్గా అందరి నోళ్ళలో నీళ్ళు పోస్తారు.'

చివరి కాగితం చెంచమ్మది. ఆయన దాన్ని మనసులో ఒకసారి చదువుకున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. "అమ్మా కరీమున్, లోపలికి రండి" అని పిలిచారు. ఆమె వచ్చాక, గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళకు కూడా వినపడేట్టు, కూలిజనం మాటలన్న ఆ మాటల్ని ఒక్కటి కూడా మార్చకుండా పైకి చదివారు.

'శిశిరంలో మిరపకాయ పండుద్ది. కోయడానికి చేతులు కావాలి. మా అక్క మాణిక్యమ్మ మూడేళ్ళ కింద నాలుగు పాసయింది. పైన తరగతి లేదు. శిశిరం రాగానే తోటకు పోయింది. మళ్ళా బడికి రాలేదు. మా ఇంట్లో ఆడోళ్ళు శిశిరంలో బళ్ళో ఎప్పుడూ లేరు. అమ్మ లేదు. అమ్మమ్మ లేదు. ఈ శిశిరంలో నేను బళ్ళో కూచోని ఉన్నాను. ఐదో తరగతిలో ఉన్నాను. ఇది రాస్తున్నాను.'

పేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మిగతా ఆడవాళ్ళు ఆమె భుజం పట్టుకున్నారు.

"ముప్పై రెండేళ్ళ నుంచి ఇన్‌స్పెక్షన్లు చేస్తున్నాను" అన్నారు భావనారాయణగారు, ఎవరినీ చూడకుండా. "వసంత ఋతువు మీద కొన్ని వేల కాగితాలు చదివాను. అన్నిటిలోనూ ఒకటే కోకిల. పిల్ల ఎవరో, ఊరేదో ఒక్క దాంట్లోనూ కనపడలేదు. అమ్మా, మిమ్మల్ని అనుమానించాను. తప్పు."

తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో కరీమున్‌కు తెలుసు. అందుకే నమస్కారం చేసింది.

ఆయన బడి సందర్శకుల పుస్తకం తెప్పించుకుని, గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి లేచారు. జట్కా కదిలాక పానకాలు మాస్టారు పుస్తకం తెరిచాడు. మూడంటే మూడే వాక్యాలు.

'ఋతువులకును కార్తెలకును గల భేదము పిల్లలకు బోధింపవలెను. ఐదవ తరగతిని స్థిరపరచవలసినదని పై అధికారులకు వ్రాయుచున్నాను. గోడపైనున్న కాగితములను ఎవ్వరును తీయరాదు.'

"ఏం రాశాడయ్యా?" అంది పేరమ్మ.

"ఐదు నిలబడిందే పేరమ్మా" అన్నాడు పానకాలు మాస్టారు. జన్మలో ఎన్నడూ గొంతెత్తని మనిషి ఆ మాట ఊరంతా వినపడేట్టు అన్నాడు. ఆడకూలీలు పిల్లల్ని ఎత్తుకోబోయి, చేతులకున్న కారం గుర్తొచ్చి, మోచేతులతోనే దగ్గరికి లాక్కున్నారు. ఆ రోజు తోటలో సగం కాయ కొయ్యకుండా నిలిచిపోయింది. ఆ తోట ఆసామి రాఘవులు కేకలేయడానికి వచ్చి, సంగతి విని, "సరేలే, రేపు కొయ్యండి" అని వెళ్ళిపోయాడు. కరీమున్ మాత్రం అందరూ వెళ్ళాక ఆ పదకొండు కాగితాలనూ శతభిషం అరలో ఒక్కొక్కటిగా గుచ్చింది. పట్టలేని సంతోషంలో చూసుకోక రెండుసార్లు వేలికి ముల్లు గుచ్చుకుంది.

మే నెలలో అనుమతి కాగితం వచ్చింది. జూన్‌లో బడి తెరిచారు. చెంచమ్మ ఐదు పాసై, పంతం పట్టి, తోడుగా మరో నలుగురు ఆడపిల్లల్ని కూడగట్టుకుని మార్టూరులో ఆరో తరగతికి నడుస్తోంది. ఐదుగురు కలిసి పోతుంటే నాలుగు మైళ్ళు దూరమని ఈసారి ఎవరూ అనలేదు.

ఇక్కడ ఐదులో పదహారు మంది చేరారు. కరీమున్ కొత్త హాజరుపట్టీ తెరిచి పేర్లు పిలుస్తోంది. పదహారో పేరు అయ్యాక తలెత్తి చూస్తే గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉంది. పిల్ల అనడానికి లేదు, పద్నాలుగేళ్ళుంటాయి. మిగతావాళ్ళ కంటే మూరెడు పొడుగు. చేతిలో పలక, పక్కన పేరమ్మ.

"ఇది నాలుగు పాసయింది టీచరమ్మా, కాగితం కూడా ఉంది" అంది పేరమ్మ. "పైన తరగతి లేక ఆగింది గాని, చదువు రాక కాదు. ఇప్పుడు తరగతి ఉంది గదా."

కరీమున్ కలం సిరాలో ముంచి పదిహేడో గీత మీద రాసింది. రాసిన పేరును గట్టిగా పిలిచింది.

"మాణిక్యమ్మ."

"ఉన్నానండి" అంది మాణిక్యమ్మ, లోపలికి వచ్చి కూర్చుంటూ.